బ్రేకులకి కందెన

చింతలపూడిలో మాకు ఆ పికప్ అమ్మినాయన మొహంలో ఎంత సంతోషం కనిపించిందో, నన్ను అత్తారింటికి సాగనంపిన రోజున మా నాన్న మొహంలో కూడా అంత కనిపించలేదు. బండి సందు మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆ తర్వాత గబగబా గేటుకి గొళ్ళెం పెట్టుకున్నాడు, ఎక్కడ మళ్ళీ వెనక్కి తెస్తామో అని. అది నేను చూశాను. మా అబ్బాయి గోపి చూడలేదు. వాడు స్టీరింగుని చూస్తున్నాడు, పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు.

"ఇంజను మంచి కండిషన్లో ఉందమ్మా," అన్నాడు దారిలో.

"మిగతాది?"

"మిగతాది మనం ఇంటి దగ్గర చేసుకుందాం."

మిగతాదంటే ఏంటో ఇంటికొచ్చాక తెలిసింది. ఇంజను తీసేస్తే మిగిలేదంతా.

ధనుర్మాసంలో మొదలుపెట్టిన ఆ రిపేరు, మామిడి పూత పూసి, పిందె కట్టి, కాయలో టెంక గట్టిపడేదాకా నడిచింది. అన్నాళ్ళూ మా వాకిలి నాది కాదు. ముగ్గు వేస్తే ముగ్గు మీద డీజిలు చుక్క పెట్టేవాడు. బట్టలారేసే తీగ మీద నా చీర పక్కనే ఫ్యాన్ బెల్టు వేలాడేది. ఇంట్లో పాత చీరలన్నీ చేతులు తుడుచుకోవడానికి అయిపోయాయి. పాతవి అయిపోయాక ఏవి పాతవో వాడే నిర్ణయించడం మొదలుపెట్టాడు.

వాడికి ఈ విద్య నేర్పిన గురువు ఫోన్లో ఉంటాడు. తలపాగా పెట్టుకున్న పెద్దమనిషి, హిందీలో చెబుతాడు. మా వాడికి హిందీలో లెక్కపెట్టడం కూడా రాదు.

"అర్థం కాకుండా ఎలా నేర్చుకుంటావురా?" అన్నాను.

"చేతులు చూస్తే చాలమ్మా. మాటలతో పనేముంది?"

అలాగైతే గుండె ఆపరేషను కూడా చేతులు చూసి చెయ్యొచ్చు. ఆ మాట పైకి అనలేదు. అంటే అది కూడా ఫోన్లో ఉందంటాడు.

జాకీ మీద బండి లేపి వాడు కిందకి దూరితే నేను ముక్కాలిపీట వేసుకుని పక్కనే కూర్చునేదాన్ని. బయటికి పాదాలు మాత్రం కనిపించేవి. కాసేపటికోసారి నేను "ఒరేయ్" అనాలి, వాడు "ఊ" అనాలి. అదీ మా ఒప్పందం. ఒకసారి వాడు చెవుల్లో పాటలు పెట్టుకుని ఊ అనడం మర్చిపోయాడు. నేను రెండు పాదాలూ పట్టుకుని బయటికి లాగేశాను. వీపు గీరుకుపోయిందని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ప్రాణమున్నవాడు కాబట్టి అలగగలిగాడు.

రిపేరుతో ఆగితే బాగుండేది. తర్వాత దాన్ని "అప్‌గ్రేడ్" చేస్తానన్నాడు. అంటే ఉన్నదానికి లేనిది తగిలించడం. కళ్ళు పోయేంత తెల్ల లైట్లు తగిలించాడు. కాయలు ఎక్కువ పడతాయని పక్క రేకులు ఎత్తు పెంచాడు. బరువుకి కుంగకుండా కింద కమాను కట్టలో ఇంకో పట్టీ వేశాడు. వెనకేముందో చూపించడానికి కెమెరా పెట్టాడు. ముందుకి వెళుతుందో లేదో ఇంకా తేలని బండికి వెనక కెమెరా ఎందుకని నేనంటే, "అమ్మా, నువ్వు కాసేపు లోపలికెళ్ళు" అన్నాడు.

ఇంత హడావిడీ దేనికంటే లక్ష్మీనరసింహారావుగారి తోట కోసం. ఆగిరిపల్లి దాటాక మెట్ట మీద ఆయన మామిడి తోట. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలు, అన్నీ ఉన్నాయి. సీజనంతా కాయ నున్న మార్కెట్‌కి తోలే పని గోపికిస్తానన్నాడు. ఊరికే ఇవ్వలేదు. "ఏరా గోపీ, తాతలనాటి బండి నీది. మొదటి లోడు నేను పెట్టించిన ముహూర్తానికి తోట గేటు దాటాలి. దాటిందా, సీజను నీది. దాటలేదా, పక్కూళ్ళో కొత్త వ్యాను ఫోను కొడితే వస్తుంది," అన్నాడు. ఆయనకి పంచాంగం చూడందే తోటలో ఎరువు కూడా పడదు.

ఆ తోట నుంచి రోడ్డుకి దిగే దారి చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మెట్ట మీద నుంచి నిటారుగా దిగుతుంది. అడుగున సన్న కల్వర్టు, కల్వర్టు మీదే మలుపు. పక్క గోడలు ఎప్పుడో పోయాయి. ఖాళీ సైకిలు మీద దిగేవాడే కాళ్ళు నేలకి ఆనిస్తాడు. అందుకని నేను పొద్దున లేస్తే బ్రేకులు, పడుకుంటే బ్రేకులు. వాడు అన్నం తింటుంటే, "బ్రేకులు చూసుకున్నావా?" అనేదాన్ని. "పప్పులో కూడా చూశానమ్మా, బాగానే ఉన్నాయి," అనేవాడు.

అలా అన్నా, బ్రేకుల పని మాత్రం వాడు శ్రద్ధగానే చేశాడు. కొత్త షూలు తెచ్చాడు. నాకు విప్పి చూపించాడు కూడా. వెనక చక్రం లోపల ఇనప డ్రమ్ము ఉంటుంది, మూత తీసిన డబ్బాలాగా. దాని లోపల నెలవంకల్లాంటి షూలు రెండు. బ్రేకు తొక్కితే అవి విచ్చుకుని డ్రమ్ముని లోపలి నుంచి అదిమి పట్టుకుంటాయి. ఆ రాపిడికే బండి ఆగుతుంది. నేను ఆవకాయ కలుపుతూ కలుపుతూ లేచొచ్చాను, చేతులకి నూనె ఉంది. షూ మీద ఏదో దుమ్ము కనిపిస్తే తుడవబోయాను. కేకేశాడు చూడండి, పక్కింటి కుక్క లేచి వెళ్ళిపోయింది.

"నూనె చెయ్యమ్మా! ఒక్క చుక్క అంటిందంటే ఇంక పట్టవు అవి. జారిపోతాయి!"

ఆ మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది. బుర్రలో మేకు దిగిన మనిషిని ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అది తర్వాత తెలిసింది.

ఇక్కడ మా ఆయన గురించి చెప్పాలి. పేరు బుచ్చయ్య. ట్రాక్టర్లు రాకముందు ఈ చుట్టుపక్కల తోటల కాయంతా ఎడ్లబండి మీద తోలిన మనిషి. ఎడ్లు పోయి ఎన్నాళ్ళో అయినా మనిషి ఇంకా బండి దిగలేదు. పికప్ ముందు నుంచి వెళ్ళేటప్పుడు దాని బానెట్టు మీద చెయ్యి వేసి నిమురుతాడు, ఎద్దు మెడ నిమిరినట్టు. దానికి వేళకి తాగడానికి పెట్టమని కొడుక్కి చెబుతాడు. కొడుకు నవ్వుతాడు. ఆయనా నవ్వుతాడు. ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో ఇద్దరికీ తెలియదు.

బండి ట్రయలు వేసిన రోజున బ్రేకు తొక్కినప్పుడల్లా వెనక నుంచి కిర్రుమంది. గోపి పట్టించుకోలేదు. కొత్త షూలు, అరిగితే సర్దుకుంటుందన్నాడు. మా ఆయన ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

మొదటి లోడు రోజు వచ్చింది. గోపి చీకటితోనే లేచి స్నానం చేసి, బండికి పసుపు కుంకుమ పెట్టి తోటకి వెళ్ళిపోయాడు. వాడు వెళ్ళిన దగ్గర నుంచీ నేను ఫోను చేస్తూనే ఉన్నాను. మొదట ఎత్తి, "చేరానమ్మా" అన్నాడు. తర్వాత ఎత్తి, "ఎక్కిస్తున్నారమ్మా" అన్నాడు. తర్వాత ఎత్తడం మానేశాడు.

మా ఆయన పెరుగన్నం కలుపుకుంటూ తనలో తనే నవ్వుకుంటున్నాడు.

"ఏంటయ్యా ఆ నవ్వు?" అన్నాను.

"పొద్దున బండి వెళ్ళేటప్పుడు విన్నావా?"

"ఏం వినాలి?"

"అదే. ఏం వినపళ్ళా. కిర్రు లేదు, కీచు లేదు. వెన్నలో నడిచినట్టు నడిచింది."

నా చేతిలో గరిట ఆగిపోయింది. "ఏం చేశావు?"

"నిన్న వాడు వెనక చక్రాలు ఊడదీసి ఏదో సామాను కోసం నూజివీడు వెళ్ళాడు కదా. ఆ డబ్బాలు రెండూ లాగితే వచ్చాయి. లోపల చూస్తే ఏముందే, ఒట్టి ఇనుం! చుక్క కందెన లేదు. ఎండిపోయి ఉంది పాపం. అరవదా మరి? నేను పట్టించి మళ్ళీ ఎలా ఉన్నవి అలా పెట్టేశా."

కందెన ఇప్పటివాళ్ళకి తెలియదేమో. వరిగడ్డి కాల్చిన మసి ఆముదంలో నూరితే వస్తుంది. ఎడ్లబండి ఇరుసుకి పూస్తారు, చక్రం అరవకుండా జారిపోవడానికి. మా ఆయన దగ్గర వెదురు గొట్టం నిండా ఉంటుంది. బండి పోయినా గొట్టం పారెయ్యలేదు. ఏటా కొత్తది నూరి నింపుతాడు. ఎందుకయ్యా అంటే, "ఉండనీవే, ఎప్పుడో అవసరం పడుతుంది," అంటాడు. పడింది.

"రెండు చక్రాలకీనా?" అన్నాను.

"ఒక్కదానికే రాస్తే రెండోది ఏం పాపం చేసింది?"

నేను జన్మలో ఎన్నో భయాలు పడ్డాను. పిడుగు పడుతుందని, గ్యాసు పేలుతుందని, మామిడిపండుతో పాలు తాగితే ఏదో అవుతుందని. వాటిలో ఒక్కటీ జరగలేదు. అందుకే మా ఇంట్లో నా భయానికి విలువ లేదు. ఇప్పుడు నిజమైంది ఒకటి దొరికింది. ఫోను చేస్తే ఎత్తడు.

"లే! చెయ్యి కడుక్కో! మోపెడ్ తియ్యి!"

"అన్నం..."

"అన్నం సంగతి తర్వాత! నువ్వు రాసింది ఇరుసు కాదయ్యా, బ్రేకు! పట్టుకునేదాన్ని జారేట్టు చేశావు! లోడుతో ఆ వాలు దిగితే వాడు కల్వర్టులో ఉంటాడు!"

ఆయన మొహంలో నవ్వు వెంటనే పోలేదు. కందెన వల్ల చెడు జరుగుతుందని ఆయనకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. మోపెడ్ మీద ఆగిరిపల్లి దాకా వాదిస్తూనే ఉన్నాడు.

"ముప్ఫై ఏళ్ళు తోలా. కందెన పెట్టిన బండి ఏదీ చెడలేదు."

"ఎడ్లబండికి బ్రేకు ఉందా?"

"ఎద్దు ముక్కుతాడు లాగితే ఆగేది."

"మరి ఆ ముక్కుతాడుకి కందెన రాస్తే?"

కాస్త దూరం పోయాక మోపెడ్ వేగం పెరిగింది. అప్పటిదాకా నేను వెనక నుంచి, "స్పీడు పెంచు" అని అరుస్తున్నాను. ఇప్పుడు, "మెల్లగా పోవయ్యా, మనం కూడా పోతాం" అని అరిచాను. రెండూ నిజంగానే అన్నాను.

మేం చేరేసరికి లోడు అయిపోయింది. ట్రేలు పైదాకా పేర్చి గడ్డి కప్పి తాడు బిగించేశారు. కాయ ఏరే ఆడవాళ్ళ ముఠా పెద్ద రిబ్కమ్మ, చెట్టు నీడన కాళ్ళు చాపుకుని నడుం పట్టుకుని కూర్చుంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేశారు. రావుగారు తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో గుమ్మడికాయతో, ఫోన్లో టైము చూసుకుంటున్నాడు.

గోపి నన్ను చూసి తల పట్టుకున్నాడు. "వచ్చావా! ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా."

వాణ్ని బండి చాటుకి లాక్కెళ్ళాను. "ఒరేయ్, బ్రేకులు..."

"ఇవాళ్టి కోటా అదే కదా. చెప్పు, చెప్పేసి వెళ్ళు."

"మీ నాన్న వాటికి కందెన రాశాడురా."

వాడు నవ్వాడు. తర్వాత వెనక నుంచున్న వాళ్ళ నాన్న వంక చూశాడు. ఆయన నేల చూస్తున్నాడు. వాడి నవ్వు ఆగిపోయింది. బండి కిందకి వంగి, చక్రం వెనక చెయ్యి పెట్టి తడిమి, వేలు వాసన చూసుకున్నాడు. ఆముదం.

"పొద్దున బ్రేకు కాస్త మెత్తగా ఉందనుకున్నా," అన్నాడు చిన్నగా. "ఖాళీ బండి కదా, ముందు బ్రేకులతో ఆగింది. కొత్త షూలకి ఇంకా పట్టు దొరకలేదేమో అనుకున్నా."

"ఇప్పుడు?"

రావుగారి వంక చూశాడు. "చెబితే ఆ వ్యానుకి ఫోన్ కొడతాడు. సీజనంతా పోతుంది. మొదటి గేరులో మెల్లగా దింపేస్తానమ్మా. ఇంజనే ఆపుతుంది."

"ఆపకపోతే?"

వాడు జేబులోంచి తాళం తీశాడు. నేను కన్నవాడి సంగతి నాకు తెలుసు. జవాబు ఉంటే చెప్పకుండా ఉండడు.

"ఏంట్రా గుసగుసలు? టైము దగ్గర పడుతోంది, స్టార్ట్ చెయ్యి!" అని అరిచాడు రావుగారు. తర్వాత ముక్కు ఎగబీల్చాడు. "ఏంటది, ఆముదం వాసనేస్తోంది?"

గోపి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. చెట్టు కింద నుంచి రిబ్కమ్మ అంది, "నేనేనండీ. తలకి పెట్టుకున్నా. ఎండకి తల మాడిపోతంది."

దానికి ఏమీ తెలియదు. నిజంగానే పెట్టుకుంది. దేవుడు ఎక్కడెక్కడో సాయం చేస్తాడు.

గోపి డోరు తీసి ఒక కాలు లోపల పెట్టాడు. బ్రేకుల మాట అంటే వాడి బతుకు పోతుంది. అనకపోతే వాడే పోతాడు. మూడో దారి కావాలి. నాకు చదువు ఐదో తరగతి. కానీ భయస్తురాల్ని కాబట్టి పొద్దున్నే టీవీలో పంచాంగం పంతులుగారు చెప్పేదంతా వింటాను, ఎవరికి ఏ గండం ఉందో తెలుసుకోవాలి కదా.

"రావుగారండీ!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఈ ముహూర్తం ఎవరి నక్షత్రానికి చూపించారండీ?"

"ఎవరికేంటమ్మా? నాకే. తోట నాది."

"తోట మీదేనండీ. ప్రయాణం మా వాడిది కదండీ. బండి తోలేవాడికి తారాబలం చూడలేదా?"

రావుగారి చేతిలో గుమ్మడికాయ కిందకి దిగింది.

"మా వాడిది చిత్తా నక్షత్రమండీ. ఈ ముహూర్తానికి నైధన తార నడుస్తోంది. నైధనం అంటే చావని మీకు నేను చెప్పాలా? బండిలో మీ కాయ కూడా ఉంటుంది మరి."

మా వాడు పుట్టింది మఖలో. ఆ పూటకి చిత్తలో పుట్టించాను. కన్నదాన్ని, ఆ మాత్రం హక్కు లేదా?

రావుగారు ఇబ్బందిగా మా వాణ్ని చూశాడు, వాడి నెత్తి మీద ఏదో కూర్చున్నట్టు. "అయితే ఇంకో డ్రైవరు... ఆ వ్యానువాడిది ఏ నక్షత్రమో..."

ఇది నేను ఊహించలేదు. అప్పుడు మా ఆయన నోరు తెరిచాడు. నేను గుండె పట్టుకున్నాను, కందెన సంగతి చెప్పేస్తాడేమోనని.

"అంత దూరం ఎందుకండీ బాబుగారూ?" అన్నాడు. "ప్రస్థానం పెట్టండి. మీ నాన్నగారి కాలంలో నేను మొదటి బండి తోలినప్పుడు ముహూర్తం కుదరకపోతే అలాగే చేసేవారు."

"ప్రస్థానం!" అన్నాడు రావుగారు. మొహం విప్పారింది. "అవును! మా అమ్మ కాశీ వెళ్ళేటప్పుడు ముహూర్తానికి మంచినీళ్ళ చెంబు పక్కింట్లో పెట్టించింది. మనిషి మూడు రోజుల తర్వాత బయల్దేరింది. ప్రయాణం ముహూర్తానికి మొదలైనట్టే లెక్క."

"అదేనండీ. ఒక బుట్ట కాయ ముహూర్తానికి గేటు దాటిస్తే లోడు దాటినట్టే. బండి తార మారాక వెళ్ళొచ్చు."

ఈ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాను. కందెన రాసిన మనిషే ఈ మాట కూడా తెచ్చాడు. తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక, "ఇంకోటండీ," అని నేనే అందుకున్నాను. లోడు ఉన్న బండిని జాకీ మీద లేపకూడదని నాకు తెలుసు, ఆ ముక్కాలిపీట మీద కూర్చుని నేర్చుకున్న చదువు అది. "ప్రస్థానం పెట్టాక మళ్ళీ బయల్దేరేదాకా బండి మీద సరుకు ఉండకూడదండీ. దించి మళ్ళీ ఎక్కించాలి."

"అలాగా? ఇది వినలేదే."

"మా వైపు ఉందండీ."

చెట్టు కింద నుంచి రిబ్కమ్మ లేచింది. "దించాలా? మొత్తమా? నీ తారలు తగలెయ్య, నడుం విరిగి చచ్చి ఇప్పుడే కూచున్నా వొదినా! మీ దేవుళ్ళకి టైములు కుదరకపోతే నా నడుం ఏం చేసింది?"

"పుణ్యముంటుంది వదినా, దించు."

"మీ పుణ్యం నాకెందుకు? నాకు ఆదివారం చర్చిలో ఇస్తారు." తిడుతూనే దించింది. తోటి ఆడవాళ్ళు కూడా తిడుతూ దించారు. నన్ను పేరు పెట్టి తిట్టినవాళ్ళు కొందరు, మా వంశాన్ని తిట్టినవాళ్ళు కొందరు. నేను అన్నిటికీ తల ఊపాను.

ముహూర్తానికి రావుగారు బుట్టెడు రసాలు స్వయంగా నెత్తిన పెట్టుకుని, చెప్పులు విడిచి, గేటు దాటి, అవతలి తోట మోటారు షెడ్డులో పెట్టి వచ్చాడు. తెల్ల చొక్కా మీద సొన కారింది. ఆయన దాన్ని కూడా శుభమనే అనుకున్నాడు.

"ఎలాగూ టైముంది కదండీ, ఒకసారి బ్రేకులు చూసుకుంటా," అన్నాడు గోపి, ఏమీ ఎరగనట్టు.

"చూసుకో, చూసుకో. జాగ్రత్త మంచిదే," అన్నాడు రావుగారు.

చక్రాలు ఊడదీసి డ్రమ్ములు లాగితే లోపల నల్లగా నిగనిగలాడుతోంది. మా ఆయన ఏ పనీ సగం సగం చెయ్యడు. గోపి షూ మీద గోటితో గీరి చూశాడు. "పైనున్న లైనింగు ఆముదం పీల్చేసింది. కడిగినా లాభం లేదు. కొత్తవి వెయ్యాలి."

వాళ్ళ నాన్నని ఏమీ అనలేదు. అంటాడేమోనని ఆయన ఎదురుచూస్తూ నుంచున్నాడు. అనకపోయేసరికి మోపెడ్ ఎక్కాడు.

"ఎక్కడికి నాన్నా?"

"ఏది కావాలో రాసివ్వు. నేను తెస్తా."

ఆయన వచ్చేదాకా గోపి డ్రమ్ములు పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ కడిగాడు. నేను పక్కనే కూర్చుని, "ఒరేయ్" అంటున్నాను, వాడు "ఊ" అంటున్నాడు. పెట్రోలు దగ్గర ఎవరైనా బీడీ వెలిగిస్తారేమోనని నాలుగు వైపులా కాపలా కూడా కాశాను. మా ఆయన తిరిగొచ్చాడు. షూలు షాపువాడిచ్చిన కవరులో లేవు. ఉతికిన కండువాలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. చేతులు మణికట్టు దాకా సబ్బుతో కడుక్కుని ఉన్నాయి.

"చూసుకో," అన్నాడు కొడుకుతో. "నా చెయ్యి తగల్లేదు."

గోపి కండువా విప్పి తీసుకున్నాడు. "డ్రమ్ము పట్టుకో నాన్నా, బిగిస్తా," అన్నాడు. ఆయన వెంటనే పట్టుకోలేదు. చేతులు మళ్ళీ పంచెకి తుడుచుకున్నాడు, తర్వాత పట్టుకున్నాడు.

తోటలోనే ఖాళీ బండితో అటూ ఇటూ నడిపి చూశాడు. తొక్కిన చోట ఆగింది. రిబ్కమ్మ మళ్ళీ లోడు ఎక్కించింది. ఈసారి తిట్లు కొత్తవి. రావుగారు ఫోను చూసి, "తార మారిందంటావా నాగమణమ్మా?" అన్నాడు.

"మారిందండీ," అన్నాను. నా బిడ్డని మళ్ళీ మఖలోకి తెచ్చేసుకున్నాను.

వాడు ఎక్కుతుంటే నేను అవతలి డోరు తీసి ఎక్కాను.

"నువ్వెందుకమ్మా?"

"నోరు మూసుకుని పోనీ."

వాలు మొదలైంది. పైన పెంచిన రేకులు కిర్రుకిర్రుమంటున్నాయి. వెనక ట్రేల బరువంతా మమ్మల్ని ముందుకి నెడుతోంది, గుంపులో వెనకవాళ్ళు తోసినట్టు. కల్వర్టు దగ్గరవుతోంది. గోడ లేని అంచు, దాని కింద రాళ్ళు, రాళ్ళ మీద ఎవరో ఆరేసిన పంచె కూడా కనిపించింది. గోపి కాలు నొక్కాడు. బండి ముక్కు వంచింది. మెల్లబడింది. ఇంకా మెల్లబడింది. మలుపు దగ్గర, అవసరం లేకపోయినా, పూర్తిగా ఆపాడు. నాకు చూపించడానికి కాదు, వాడి కోసమే. వెనక నుంచి ఒక ఆటోవాడు హారను కొట్టి, మా ఇద్దరికీ కలిపి ఒక మాట అన్నాడు. ఆ మాట నాకు దీవెనలాగే వినిపించింది.

సీజను మా వాడికే వచ్చింది. మొదటి లోడుకి కాయ బాగా పలికిందట. అది ప్రస్థానం మహిమ అని రావుగారు ఊళ్ళో అందరికీ చెప్పాడు. అక్కడితో ఊరుకోలేదు. "నాగమణమ్మ లేకుండా బండి కదలకూడదు. తారాబలం చూసే మనిషి బండిలోనే ఉండాలి," అని షరతు పెట్టాడు. కాదనడానికి లేదు. నేను చెప్పిన అబద్ధానికి నాకే ఉద్యోగం వచ్చింది. ఏ బండి పేరు చెబితే నాకు ఒళ్ళు చల్లబడేదో, ఇప్పుడు రోజూ దాని ముందు సీట్లో నేనే.

వాలు దిగేటప్పుడల్లా నా కుడి కాలు దానంతటదే కిందకి నొక్కుకుంటుంది. చెప్పు అరిగిపోయింది కూడా.

"అమ్మా, నీ వైపు పెడలు లేదు," అంటాడు గోపి.

లేదని నాకు తెలియదా? అయినా తొక్కుతాను. బండి రోజూ ఆగుతోంది మరి.